దేశాల కలప లెక్కలు చూసి మన తోటలో గొడ్డలి ఎత్తొద్దు



పైన వీడియోలో మీరు చూసిన కాఫీ తోట అరకు దగ్గర ఒక కొండవాలులో ఉంది. పేరు వద్దన్నారు కాబట్టి రైతు పేరు రాయడం లేదు. కాఫీ మొక్కల మీద సిల్వర్ ఓక్ నీడ, ఓకు చెట్లకి మిరియం తీగలు, మధ్యమధ్యలో పనస, నేరేడు, ఒక పెద్ద బూరుగ చెట్టు. మేం వెళ్ళింది జీవామృతం, ఆచ్ఛాదన గురించి మాట్లాడించడానికి. కెమెరా ఆపిన తర్వాత ఆయన అసలు సంగతి అడిగారు.

"కింద నుంచి కలప వ్యాపారి వచ్చాడండి. తోటలో ఓకులన్నీ కలిపి ఒక రేటు చెప్పాడు. పాపని నర్సింగులో చేర్చాలి, జూన్‌లో ఫీజు కట్టాలి. ఇచ్చేయమంటారా?"

పక్కనే ఉన్న కొడుకు ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు. దేశాల పేర్లు, వాటి పక్కన రంగురంగుల గీతలు. ఏడాది మారేకొద్దీ ఒక దేశం గీత పెరుగుతుంది, ఇంకోటి వెనకబడుతుంది, పరుగుపందెంలా ఉంటుంది. ఏ దేశం ఎంత హార్డ్‌వుడ్ కలప అమ్మిందో చూపించే లెక్క అది. చివర్లో ఒక మాట: కలపకి ప్రపంచమంతా గిరాకీ ఉంది, ఇప్పుడే టేకు వేయండి, ఓకు అమ్మండి అని.

ఆ రోజు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇంట్లో ఆడపిల్ల చదువు ఆగిపోయే పరిస్థితిలో ఉన్న మనిషికి "చెట్టు దేవుడండీ, కొట్టకండి" అని చెప్పి లేచి రావడం సులువు. అది నిజాయితీ కాదు. ఇంటికొచ్చి ఆ గీతల వెనక ఏం జరిగిందో కాస్త నిదానంగా చూశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ గీత పైకి వెళ్ళినప్పుడు ఆ దేశంలో రైతు బాగుపడ్డాడని అనుకోకూడదు. తోట మొత్తం ఒకేసారి అమ్మినవాడు ఎక్కడా ధర చెప్పలేకపోయాడు. కొన్ని చెట్లే, కొలిచి, తోట నిలబెట్టుకుంటూ అమ్మినవాడే మిగిలాడు.

ముందు మాట అర్థం తెలుసుకుందాం

హార్డ్‌వుడ్ అనగానే మనకి టేకు, వేగిస, నల్లమద్ది గుర్తొస్తాయి. వ్యాపార లెక్కల్లో అర్థం వేరు. వెడల్పాకు చెట్టు నుంచి వచ్చిందంతా హార్డ్‌వుడ్, పైన్ లాంటి సూదాకు చెట్టు నుంచి వచ్చింది సాఫ్ట్‌వుడ్. చెక్క గట్టిదా మెత్తదా అన్నది కాదు లెక్క. అగ్గిపుల్లలు చేసే మెత్తటి బూరుగ కూడా హార్డ్‌వుడ్డే. మన సిల్వర్ ఓక్ కూడా హార్డ్‌వుడ్డే, జామాయిల్ కూడా. పేరులో ఓక్ ఉంది గానీ అమెరికా, యూరప్‌లో ఖరీదైన ఓక్‌కీ దీనికీ చుట్టరికమే లేదు. ఇది ఆస్ట్రేలియా తూర్పు తీరం నుంచి వచ్చిన చెట్టు. మన దగ్గర ఎక్కువగా ప్లైవుడ్‌కి, పెట్టెలకి పోతుంది.

కాబట్టి "హార్డ్‌వుడ్ ఎగుమతి ఇంత పెరిగింది" అన్న గీతలో బర్మా టేకూ ఉండొచ్చు, కాగితం మిల్లుకి పోయే జామాయిలూ ఉండొచ్చు. ఆ గీత చూసి మన ఓకు చెట్టు ధర ఊహించుకోవడం, బాస్మతి ఎగుమతి చూసి నూకలకి రేటు కట్టడం లాంటిది.

ఇంకో సంగతి. ఆహార వ్యవసాయ సంస్థ, అంటే ఎఫ్‌ఏఓ, 1961 నుంచి దేశాల వారీగా కలప లెక్కలు ఉంచుతోంది. ప్రపంచంలో ఏటా నరికే కలప దాదాపు 400 కోట్ల ఘనపు మీటర్లు. అందులో సుమారు సగం పొయ్యిలోకే పోతుంది. మిగతా సగం పరిశ్రమలకి వెళ్తుంది. ఆ పరిశ్రమ కలపలో కూడా దుంగల రూపంలో దేశం దాటేది పదో వంతు లోపే. అంటే ఫోన్లో మనం చూసే పరుగుపందెం మొత్తం సంతలో ఒక మూల జరిగే బేరం మాత్రమే.

ఒకరి తర్వాత ఒకరు

ఇప్పుడు గీతల దగ్గరికి వద్దాం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఉష్ణదేశాల దుంగలకి పెద్ద గిరాకీ జపాన్ నుంచి వచ్చింది. 1950లు, 60లలో ఆ దుంగలు ఎక్కువగా ఫిలిప్పీన్స్ నుంచి వెళ్ళాయి. అక్కడ లౌవాన్ అనే కలప. గీత ఎత్తుకి పోయింది. 1970లకి వచ్చేసరికి అక్కడ తేలికగా చేతికందే అడవి తరిగిపోయింది, కొనేవాళ్ళు ఇండోనేషియా వైపు తిరిగారు. 1980లలో మలేషియాలోని సాబా, సరావాక్ రాష్ట్రాల వంతు. ఆ తర్వాత పాపువా న్యూ గినీ, సోలమన్ దీవులు. ఈ మధ్య కాలంలో ఆ దుంగల్లో ఎక్కువ భాగం కొన్నది చైనా.

1900 ప్రాంతంలో ఫిలిప్పీన్స్‌లో సుమారు 70 శాతం భూమి మీద అడవి ఉండేది. 1980ల చివరికి అది పాతిక శాతం లోపుకి పడిపోయింది. ఎగుమతి గీతలో ఫిలిప్పీన్స్ "వెనకబడింది" అని కనిపిస్తుంది. పోటీలో ఓడిపోయి వెనకబడలేదు. అమ్మడానికి ఇంక పెద్దగా మిగల్లేదు.

కొనేవాళ్ళు మాత్రం ఏ దేశంలోనూ ఉండిపోలేదు. ఒక కొండ ఖాళీ అయితే ఇంకో కొండ. మన ఊరికి వచ్చిన వ్యాపారి కూడా అంతే కదా. పై ఊరు అయిపోయింది, మన ఊరికి వచ్చాడు. మనది అయిపోతే కింద ఊరికి వెళ్తాడు. ఆయన తప్పు అని కాదు, ఆయన వ్యాపారం అది. మనకి మాత్రం ఇంకో కొండ లేదు.

గీత తగ్గితే నరకడం ఆగినట్టేనా?

1988 నవంబరులో దక్షిణ థాయిలాండ్‌లో వరదలొచ్చి, నరికిన కొండల మీద నుంచి బురద, దుంగలు ఊళ్ళ మీద పడ్డాయి. వందల మంది చనిపోయారు. 1989 జనవరిలో ఆ దేశం సహజ అడవుల నరికివేత ఆపేసింది. మంచి పనే. కానీ థాయ్ మిల్లులు ఆగలేదు, బర్మా, లావోస్, కంబోడియా నుంచి దుంగలు తెచ్చుకున్నాయి. 1998లో యాంగ్సీ నది వరదల తర్వాత చైనా కూడా తన సహజ అడవుల్ని కాపాడుకుంది. ఆ తర్వాత ప్రపంచంలో అందరికంటే ఎక్కువ దుంగలు దిగుమతి చేసుకునే దేశం అయ్యింది.

ఇండోనేషియా ఇంకో దారి పట్టింది. 1980ల మొదట్లో దుంగల ఎగుమతి తగ్గిస్తూ వచ్చి 1985లో పూర్తిగా ఆపింది. ఆ ఏళ్ళలో దుంగల గీత నేలకి దిగుతుంది. అదే సమయంలో ప్లైవుడ్ గీత ఆకాశానికి లేస్తుంది. అడవి దుంగగా కాకుండా పలకగా ఓడ ఎక్కింది, అంతే. దుంగల లెక్క ఒక్కటే చూసినవాడికి ఇండోనేషియా అడవి బతికిపోయిందనిపిస్తుంది. అందుకే తెలిసినవాళ్ళు పలకల్ని, ప్లైవుడ్‌ని కూడా మళ్ళీ దుంగల కొలతలోకి మార్చి చూస్తారు.

మన దేశం సంగతి కూడా చెప్పుకోవాలి. 1988 జాతీయ అటవీ విధానం సహజ అడవిని పరిశ్రమల ముడిసరుకుగా చూడకూడదంది. 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో అడవుల్లో నరికివేతకి గట్టి కళ్ళెం పడింది. మరి మన ఇళ్ళకి తలుపులు, ద్వారబంధాలు ఎక్కడి నుంచి వచ్చాయి? గుజరాత్‌లోని కాండ్లా లాంటి రేవులకి వచ్చిన విదేశీ దుంగల నుంచి. బర్మా టేకు దుంగలు ఎక్కువగా కొన్న దేశాల్లో మనది ముందు వరుస. 2014 ఏప్రిల్ 1 నుంచి బర్మా దుంగల ఎగుమతి ఆపేసింది. అప్పట్నుంచి ఆఫ్రికా దేశాలు, ఈక్వడార్, పనామా లాంటి చోట్ల తోటల్లో పెంచిన టేకు మీద మనవాళ్ళు ఎక్కువగా ఆధారపడ్డారు.

ఇక్కడ టేకు వేయమని చెప్పే వీడియోలకి ఒక ప్రశ్న. మన టేకు చేతికొచ్చే నాటికి ఈక్వడార్ టేకు, ఘనా టేకు కూడా అదే బజారులో ఉంటాయి. ఇరవై ముప్ఫై ఏళ్ళ తర్వాతి ధర ఈరోజు గీత చూసి చెప్పేవాడు ఆ రోజు మనకి ఫోన్ ఎత్తుతాడా?

మన కొండ ఈ కథలో కొత్తది కాదు

మన కొండలు ఈ వ్యాపారం ఎప్పుడో చూశాయి. తెల్లవాళ్ళ కాలంలో రైలు పట్టాల కింద స్లీపర్లకి గుగ్గిలం, టేకు, దేవదారు కావాలి. ఒక కిలోమీటరు పట్టాకి వెయ్యికి పైగా స్లీపర్లు పడతాయి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవి రిజర్వు అయ్యింది, పోడు నేరమయ్యింది, పశువుల మేతకీ వంట చెరకుకీ అనుమతి కావాల్సి వచ్చింది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడిందంటే, దాని వెనక ఉన్న కోపంలో రోడ్డు పనుల్లో వెట్టి ఒకటైతే, ఈ అటవీ ఆంక్షలు ఇంకోటి. కలప కొండ దిగింది, దాని డబ్బు కొండ ఎక్కలేదు.

2006 అటవీ హక్కుల చట్టం చాలా ఇచ్చింది. చింతపండు, అడ్డాకు, తేనె, కరక్కాయ, చివరికి వెదురు కూడా గిరిజనుడి హక్కు అంది. కానీ ఆ చట్టంలో చిన్న తరహా అటవీ ఉత్పత్తి అంటే కలప కానిది అని అర్థం. అంటే అడవిలో కలప ఈ రోజుకీ ఆ హక్కులోకి రాదు. మన చేతిలో ఉన్న కలప మనం నాటి పెంచిన ఓకు లాంటిదే. అందుకే అది మరీ జాగ్రత్తగా అమ్ముకోవాల్సిన ఆస్తి.

అయితే అమ్మకూడదా?

అలా అనను. "చెట్టు అసలు కొట్టకూడదు" అనేవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. అమెరికా తూర్పు భాగంలో వెడల్పాకు అడవులు ఎక్కువగా చిన్న చిన్న కుటుంబాల చేతుల్లో ఉన్నాయి. వాళ్ళు ఓక్, మేపుల్ లాంటి కలప ఏటా అమ్ముతూనే ఉన్నారు. అయినా 1950లతో పోలిస్తే ఆ దేశంలో నిలబడి ఉన్న వెడల్పాకు కలప రెట్టింపు దాటింది. పెరిగేదాని కంటే తక్కువ కొట్టడమే అందులో కిటుకు.

వియత్నాం చూడండి. లక్షల మంది చిన్న రైతులు అకేసియా పెంచుతారు. ఐదారేళ్ళకే కొట్టేస్తే కాగితం చిప్స్‌కి పోతుంది, తక్కువ ధర. ఇంకొన్నేళ్ళు ఆగితే కుర్చీలు, బల్లలకి పనికొచ్చే దుంగ అవుతుంది, ఎక్కువ ధర. ఆ దేశం కలప వస్తువుల ఎగుమతి ఏటా వెయ్యి కోట్ల డాలర్లు దాటింది, అందులో పెద్ద వాటా ఫర్నిచర్‌దే. కానీ అక్కడి రైతు కూడా అప్పు తీర్చడానికి లేత చెట్టు కొట్టినప్పుడు ఆ ఫర్నిచర్ డబ్బు చూడడు.

ఈ రెండు చోట్లా నాకు కనిపించింది ఒకటే. అవసరం తరుముతుంటే అమ్మినవాడికీ, చెట్టు సిద్ధమైనప్పుడు అమ్మినవాడికీ ఒకే ధర రాదు.

తోటలో నిలబడి లెక్క వేద్దాం

కలప లెక్క చెట్టు పడిన తర్వాత మొదలవుతుంది. నిలబడి ఉన్నప్పుడు అది చేసే పని ఏ దేశం లెక్కలోనూ ఉండదు. మన లెక్కలో ఉండాలి.

ఓకులన్నీ ఒకేసారి తీస్తే వాటి మీద ఉన్న మిరియం తీగలు అదే రోజు పోతాయి. మళ్ళీ నాటిన చెట్టు తీగ మోసేదాకా ఏళ్ళు పడుతుంది. నీడ పోయి ఎండ తగిలిన అరబికా కాఫీకి తెల్ల కాండం తొలుచు పురుగు బెడద ఎక్కువ. ఆ పురుగు పట్టిన మొక్కని పీకి కాల్చడం తప్ప పెద్దగా దారి లేదు. మన కషాయాలు కాండం లోపలికి వెళ్ళి దాన్ని చంపలేవు, ఇది మనం ఒప్పుకోవాలి. నేలమీద ఆకు పడదు, వానకి వాలు మీద మట్టి జారుతుంది.

అలాగని అంతా ఓకే ఉండటం కూడా మంచిది కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన తోటల్లో ఎత్తైన ఓకులు విరిగి, వేళ్ళతో లేచి కాఫీ మొక్కల మీదే పడ్డాయి. ఆ రోజు చూసినవాళ్ళు మర్చిపోలేరు. కర్ణాటకలో కొడగు కాఫీ తోటల్లో ఇంకో పాఠం ఉంది. అక్కడ అడవి జాతి చెట్ల మీద హక్కు చాలా చోట్ల ప్రభుత్వానిది, ఓకు మాత్రం రైతు తేలికగా అమ్ముకోవచ్చు. దాంతో ఏళ్ళు గడిచేకొద్దీ పాత నీడ చెట్లు తగ్గి, వాటి చోట ఓకులు నిండాయి. నీడ ఉంది గానీ పిట్టకి పండు లేదు, తేనెటీగకి ఏడాది పొడవునా పువ్వు లేదు. మన దగ్గర ఇంకా పనస, నేరేడు, మామిడి, మద్ది, బూరుగ మిగిలి ఉన్నాయి. వాటిని ఓకు కోసం పోగొట్టుకోవద్దు.

కొనేవాళ్ళ వైపు నుంచి కూడా ఒక మాట. యూరప్ 2023లో ఒక చట్టం చేసింది. 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి తొలగించిన భూమి నుంచి వచ్చిన కాఫీ గానీ కలప గానీ అక్కడ అమ్మకూడదని. అమలు తేదీ వాయిదాలు పడుతూ వచ్చింది, కానీ తోట ఏ చోట ఉందో చూపించి అమ్మాల్సిన రోజులు వస్తున్నాయి. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుకి విలువ ఆ నీడలో పండటం వల్లే.

టేపు జేబులో పెట్టుకోండి

అమ్మాల్సి వస్తే గుత్తకి అమ్మకండి. కలప బజారులో పాత కొలత ఒకటుంది: దుంగ చుట్టుకొలతని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. నాలుగడుగుల చుట్టుకొలత, ఇరవై అడుగుల పొడవు ఉన్న దుంగకి ఇలా 20 ఘనపు అడుగులు వస్తుంది. దుంగలో నిజంగా ఉన్న కలప సుమారు 25న్నర. అంటే ఈ కొలతలోనే ఐదో వంతు పైగా పక్కకి పోయింది. కోతలో పోయే చెక్కకి అని చెప్తారు. సరే, అదైనా మనకి తెలిసి ఇవ్వాలి. గుత్త బేరంలో ఆ కొలత కూడా ఉండదు, కంటిచూపే కొలత.

ఇవి చేయండి:

- ప్రతి చెట్టుకీ రొమ్ము ఎత్తులో చుట్టుకొలత కొలిచి నోటుబుక్కులో రాయండి. ఏడాదికోసారి అదే నెలలో మళ్ళీ కొలవండి.
- వంకర తిరిగినవి, ఒకదాన్నొకటి ఒరుసుకునేవి, తీగ ఎక్కనివి ముందు తీయండి. ఒక చెట్టు తీస్తే అక్కడ ముందే పనసో, నేరేడో, బాడిదో నాటి ఉండాలి.
- ఊరంతా కలిసి ఒకే వారంలో ఒకే వ్యాపారికి కొలత ప్రకారం అమ్మండి. ఒక్కడు అమ్మితే లారీ ఖర్చు ఆయన మీదే పడుతుంది.
- నరికే ముందు అనుమతి, రవాణా పర్మిట్ గురించి అటవీ శాఖ దగ్గర, ఐటీడీఏ దగ్గర అడిగి కాగితం చేతిలో పెట్టుకోండి. 2002 వాల్టా చట్టం చెట్లకి కూడా వర్తిస్తుంది. "అంతా నేను చూసుకుంటా" అనే వ్యాపారి చెక్‌పోస్టు దగ్గర మీ పక్కన నిలబడడు.

చివరిగా

ఇది రాసే ముందు ఆ రైతుకి ఫోన్ చేశాను. కొండ మీద సిగ్నల్ దొరక్క మూడుసార్లు కట్ అయ్యింది. ఆయనా కొడుకూ కలిసి టేపుతో తోటంతా కొలిచారట. పద్నాలుగు చెట్లకి సున్నం గుర్తు పెట్టారు, ఒక్కటి కూడా మిరియం మోసేది కాదు. పక్క ఇద్దరు రైతులవి కూడా కలిపి కొలత మీద మాట్లాడుకున్నారు. ఫీజు మొత్తం రాలేదు. మొదటి విడత కట్టారు, మిగతాది మిరియం దిగాక కడతామని కాలేజీలో చెప్పారు.

"గుత్తకి ఇచ్చుంటే ఫీజు ఒకేసారి అయిపోయేదండి," అన్నారాయన. నిజమే, అయిపోయేది. ఆ మాట ఎదుట నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు. "మరి వచ్చే ఏడాది ఫీజు?" అని మాత్రం అడిగాను. కాసేపు ఆగి, "అదే కదా," అన్నారు.

మీ తోటలో ఓకులు ఎన్ని? ఏ చెట్టు చుట్టుకొలత ఎంత? వ్యాపారి గడప ఎక్కక ముందే రాసి పెట్టుకోండి. దేశాల లెక్క మనకి తెలియకపోయినా పర్లేదు. మన తోట లెక్క మనకి తెలియాలి.